వందేళ్ల వరదను వారంలో పట్టేయడం ఎలా?

అరుదుగా వచ్చే పెద్ద వరదల లెక్క నేర్చుకుందామని బయల్దేరారు కదా, సంతోషం. ముందు మీ భయం తీర్చేస్తాను. దీనికి గోదావరిని చూసి ఉండాల్సిన పనిలేదు, గణాంకశాస్త్రం చదివి ఉండాల్సిన పని అసలే లేదు. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో వాడే ఇస్మెవ్, ఎక్స్‌ట్రీమ్స్ లాంటి ప్యాకేజీలూ ఉచితమే. ఇస్మెవ్‌కి ఆధారమైన స్టువర్ట్ కోల్స్ పుస్తకం 2001లో వచ్చింది. రెండొందల పేజీలే గానీ, ఆయన మాటిమాటికీ జాగ్రత్తలు చెబుతుంటాడు. అంత పిరికివాళ్ల దగ్గర విద్య నేర్చుకోకూడదు. నేరుగా కంప్యూటర్ ముందు కూర్చోండి.

భద్రాచలం దగ్గర ఏటేటా గోదావరి ఎక్కిన గరిష్ఠ మట్టాలు మీ చేతికొచ్చాయనుకుందాం. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అంకెల మధ్యలో 1986 ఆగస్టు ఉంటుంది: 75.6 అడుగులు. మీరు గీసే ప్రతి బొమ్మనూ పాడుచేసేది ఇదొక్కటే. తీసేయండి. ఎవరడిగినా ‘అవుట్‌లయర్’ అనండి, ఆ మాట విన్నాక రెండో ప్రశ్న వేసేవాళ్లు తక్కువ. పెద్ద వరదల లెక్కలోంచి అన్నిటికన్నా పెద్ద వరదను తీసేశాక ఇంకేం మిగిలిందయ్యా అని ఏ పాతకాలపు ఇంజనీరో గొణుగుతాడు. ఆయన రిటైరయ్యేదాకా ఓపిక పట్టండి. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులు వచ్చిన మాట నిజమే. దాన్నీ తీసేయండి. ఆ తర్వాత గీత ఎంత నున్నగా వస్తుందో చూసి మీరే ముచ్చటపడతారు.

ఇక ఏ సూత్రానికి కట్టాలన్న మీమాంస. 1928లో ఫిషర్, టిప్పెట్ ఒక సంగతి బయటపెట్టారు, 1943లో గ్నెడెంకో దాన్ని గట్టిగా నిరూపించాడు. గరిష్ఠాలు అంటూ ఒక పద్ధతికి వస్తే, మూడే మూడు రూపాల్లో ఏదో ఒక దానికి వస్తాయి. ఆ మూడింటినీ కలిపి జీఈవీ అంటారు. అందులో క్సై అనే షేప్ పారామీటర్ ఉంటుంది. అది సున్నా అయితే గుంబెల్. ధనమైతే తోక లావు, ఇంతకు మించి రాదని ఏ వరద గురించీ చెప్పలేం. ఋణమైతే పైన ఎక్కడో ఒక హద్దు ఉన్నట్టు. వెయ్యేళ్ల వరద ఎంతన్నది చాలావరకు ఈ క్సై చేతిలోనే ఉంది. కానీ నలభై యాభై ఏళ్ల అంకెలతో దాన్ని తేల్చడం మహా కష్టం. తేలని దానితో మనకెందుకు? సున్నా అని పెట్టేసి గుంబెల్ తీసుకోండి. అనిశ్చితి అమాంతం సన్నబడుతుంది, రిపోర్టు ధైర్యంగా కనిపిస్తుంది.

వెనిజులా సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం మాట మార్చండి. అక్కడ మైక్వెటియా దగ్గర 1951 నుంచి 1998 దాకా నమోదైన వార్షిక గరిష్ఠ వర్షాలకు గుంబెల్ చక్కగానే అతుక్కుంది. 1999 డిసెంబరులో ఒక్కరోజులో 400 మిల్లీమీటర్లకు పైగా కురిసి, కొండచరియలు ఊళ్ల మీద పడి వేలమంది చనిపోయారు. అదే గుంబెల్‌ని అడిగితే, అంతటి వాన కోటి ఏళ్లకు పైగా కాలంలో ఒకసారి వస్తుందంది. క్సైని సున్నా దగ్గర కట్టేయకుండా వదిలితే ఆ కోటి కాస్తా కొన్ని వేల ఏళ్లకు దిగింది. కోటి ఏళ్లకోసారి వచ్చేది మన రోజుల్లోనే వచ్చిందంటే వెనిజులా వాళ్ల దురదృష్టం గానీ గుంబెల్ తప్పు కాదని వాదించండి. వాదనకు పారామీటర్లు అక్కర్లేదు.

కొంత పని ఆర్‌లో, కొంత పైథాన్‌లో చేయడం ఇప్పటి ఫ్యాషన్, మీరూ చేయండి. పైథాన్‌వాళ్లు వాడే సైపై ప్యాకేజీలో జీఈవీ షేప్ గుర్తు ఆర్ ప్యాకేజీలకు తలకిందులుగా ఉంటుంది, ఇక్కడి ధనం అక్కడ ఋణం. చూసుకోకండి. ఒక్క కాపీ పేస్టుతో హద్దు లేని నదికి మూత పడుతుంది, ఇంత తక్కువ ఖర్చులో ఏ ప్రభుత్వమూ కట్టలేని ఆనకట్ట అది.

ఫలితంలో కన్వర్జెన్స్ అని ఒక అంకె కనిపిస్తుంది. 1 వస్తే పాసయ్యారు, సున్నా వస్తే తప్పారు, బడిలో నేర్చుకున్నది అదే కదా. ప్యాకేజీ రాసినవాళ్లు మాత్రం సున్నా అంటే లెక్క కుదిరిందని, 1 అంటే తిప్పలు పడి మధ్యలో ఆగిపోయిందని అంటారు. వాళ్ల అభిప్రాయం వాళ్లది.

వార్షిక గరిష్ఠాలు కాక, ఒక థ్రెషోల్డ్ దాటిన ప్రతి రోజునూ లెక్కలోకి తీసుకునే పద్ధతీ ఉంది. మీకు కావాల్సిన జవాబు వచ్చేదాకా థ్రెషోల్డ్‌ని పైకీ కిందికీ జరపండి. ఒకే వరద నాలుగు రోజులు నిలిస్తే దాన్ని నాలుగు వరదలుగా రాసుకోండి, డేటా పెరుగుతుంది.

అంతా అయ్యాక రిటర్న్ పీరియడ్. వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చేదని మీడియాకు చెప్పండి. కిందటేడు వచ్చిపోయింది కాబట్టి ఇక తొంభైతొమ్మిదేళ్లు నిశ్చింతగా ఉండొచ్చని ప్లాట్లు అమ్మేవాళ్లకూ చెప్పండి, వాళ్లు మిమ్మల్ని మరిచిపోరు. ఏటా నూటికి ఒక వంతు అవకాశం, అంతే, కిందటేడుతో నదికి లెక్క లేదని పట్టుబట్టే మనిషిని దగ్గరికి రానివ్వకండి. ఆ లెక్కన ముప్ఫై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోగా ఆ వరద ఒక్కసారైనా గుమ్మం తొక్కే అవకాశం 26 శాతం అని కూడా చెబుతాడతను. ఇంకా మాట్లాడనిస్తే, ఎగువన చెరువులు పూడ్చి ఊళ్లు కట్టాక పాత అంకెలు పాత నదివేనని మొదలుపెడతాడు.

అంచనాకు అటూ ఇటూ వచ్చే అవధి గీతలు తుడిచేయండి. ప్యాకేజీ దానంతట అది గీసినవి రెండువైపులా సమానంగా, చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, అవి ఉన్నా ఫరవాలేదు. ప్రొఫైల్ లైక్లీహుడ్‌తో గీస్తేనే చిక్కు. వెయ్యేళ్ల వరదకు పైగీత కాగితం దాటిపోతుంది, దాన్ని చూసిన అధికారికి డబ్బు అడగాల్సి వస్తుందని గుండె జారుతుంది. ఒక్కటే అంకె ఇవ్వండి, దశాంశాలతో సహా. ఆ పెద్ద వరద రోజుల ప్రవాహాన్ని నీళ్లలో దిగి ఎవరూ కొలవలేదనీ, మట్టాన్ని బట్టి వేసిన గీతను ఊహతో పైకి పొడిగించి రాశారనీ మీకు తెలిసినా, దశాంశాలు వదలకండి.

శ్రీశైలం డ్యామ్‌ని దాదాపు 19 లక్షల క్యూసెక్కుల వరదకు డిజైన్ చేశారు. 2009 అక్టోబరు మొదట్లో 25 లక్షల దాకా వచ్చింది. 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీరు 896 అడుగులు దాటింది. అయినా డ్యామ్ నిలబడింది. ఆ ఘనత మీ మోడల్ ఖాతాలో రాసుకోండి, ఎవరూ అడగరు.