పద్మినికి ఏ రంగు?

అశోక్‌నగర్‌లో గ్రూప్ వన్ నుంచి కానిస్టేబుల్ దాకా ఏ పరీక్షకైనా కోచింగ్ దొరుకుతుంది. పాత కారుకి రంగు ఎంచుకోవడానికి మాత్రం దొరకదు. పెయింటర్ భాయ్ ఇచ్చిన షేడ్ కార్డు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే, మా పై పోర్షన్లో సివిల్స్‌కి చదువుకుంటున్న కుర్రాడు ఆగి చూశాడు. "జవాబు తెలీనప్పుడు, కానివి కొట్టేసుకుంటూ రావాలి అంకుల్" అన్నాడు. కొట్టేశాను. నాలుగు మిగిలాయి. నాలుగూ తెలుపే.

కారు మా మామగారిది. 1974 ప్రీమియర్ పద్మిని. అంతకుముందు ఫియట్ డిలైట్ అనీ, ప్రెసిడెంట్ అనీ తిరిగిన బండికి ఆ ఏడాదే రాణిగారి పేరు పెట్టారు. 1089 సీసీ ఇంజిను, స్టీరింగ్ పక్కనే గేరు, ముందు ఒకటే బెంచి సీటు. ఇప్పుడు చిక్కడపల్లి సందులో ఒక షెడ్డులో చక్రాల్లేకుండా ఇటుకల మీద నిలబడి ఉంది. ఆర్సీ నా పేరు మీదికి మారింది. రంగు మారలేదు, అది ఇంకా మామగారిదే.

నేను క్రీమ్ అన్నాను. "మా నాన్న కారు లేత నీలం" అంది మా ఆవిడ. "ఆకుపచ్చ కదక్కా! నేను కాలేజీకి వెళ్లింది దాంట్లోనే" అన్నాడు బావమరిది. సాక్ష్యానికి ఆల్బమ్ దింపారు. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి ముందు కారు, బానెట్ మీద బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఫొటో బ్లాక్ అండ్ వైట్. ముగ్గురికీ అందులో ఎవరి రంగు వాళ్లకి కనబడింది.

ఈ ఊళ్లో రంగు గొడవ లేకుండా కారు కట్టించుకున్నవాడు ఆరో నిజామే అయ్యుండాలి. మహబూబ్ అలీ ఖాన్ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కి ఆర్డరిస్తే, బార్కర్ వాళ్లు బాడీ కట్టారు. వెనక సింహాసనం, ఒళ్లంతా పసుపు. బండి చేరకముందే, 1911లో, ఆయన వెళ్లిపోయాడు. అయినా బావమరుదులెవరూ రంగు మార్పించినట్టు లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆ కారు ఇప్పటికీ పసుపుగానే ఉంది.

మా తగువు పెయింటర్ భాయ్ తీర్చాడు. మడ్‌గార్డు మీద ఎమరీ కాగితంతో రూపాయి బిళ్లంత మేర గీకాడు. పైన ఆకుపచ్చ. కింద నీలం. ఇంకా కింద క్రీమ్. దాని కింద రెడ్ ఆక్సైడ్, తర్వాత ఇనుము. ఒకచోట ఇనుము కూడా అయిపోయి అవతలి గోడ కనబడింది. "అందరూ కరెక్టే సార్. కంపెనీది మాత్రం క్రీమే" అన్నాడు. నేనింకా మీసం మీద చెయ్యి వెయ్యకముందే మా ఆవిడ, "కంపెనీలో ఏదుంటే నాకెందుకు? నాకు ఊహ తెలిసేసరికి నీలం" అంది. నీలం ఖాయమైంది.

బంపర్ల దగ్గర పోట్లాట రాలేదు. ముందు రాగి పూత, దానిమీద నికెల్, చివర అతి పలచగా క్రోమియం. మెరుపులో ఎక్కువ పాలు నికెల్‌ది, పేరేమో క్రోమ్‌ది. ఇంటి పెద్దనన్న పేరు మోస్తున్నవాణ్ణి కాబట్టి ప్లేటింగ్ ఆయన రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

నారాయణగూడలో సీట్లు కుట్టే ఆయన డైమండ్ స్టిచ్ చూపించి, "ఫార్చ్యూనర్లకు గిదే ఏస్తున్నం సార్" అన్నాడు. బెంచి తీసేసి రెండు బకెట్ సీట్లు వేస్తే నడుముకి సుఖమట. మా ఆవిడ ససేమిరా అంది. అమ్మానాన్నల మధ్య తను కూర్చున్నది ఆ బెంచి మీదే మరి. వెనక నాయనమ్మ ఒళ్లో పెరిగిన బావమరిది మాత్రం బకెట్ సీట్లకే ఓటేశాడు.

ఇక టెయిల్ ల్యాంపులు. రాణిగంజ్‌లో కొట్టాయన, "బొంబాయి టాక్సీలోళ్లు మొత్తం పట్టుకపోతుండ్రు సార్, అందుకే రేటు" అనేవాడు. 2023 అక్టోబరులో ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు దిగింది. హుషారుగా వెళ్లాను. "టాక్సీలు బందైనయ్, సామాన్ తయారైతలేదు సార్, అందుకే రేటు" అన్నాడు.

బావమరిది ఏసీ, పవర్ స్టీరింగ్, బ్లూటూత్ అంటూ జాబితా రాస్తుంటే పై పోర్షన్ కుర్రాడు అడ్డుపడ్డాడు. 2021లో వచ్చిన రూల్స్ వాడికి కంఠతా వచ్చు. యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, నంబర్లో 'వీఏ' అక్షరాలు. అయితే ఛాసీ, బాడీ, ఇంజిను పెద్దగా మార్చి ఉండకూడదు. రోజువారీ పనులకి తిప్పకూడదు. ప్రదర్శనకీ, ర్యాలీకీ, రిపేరుకీ, పెట్రోలుకీ మాత్రం తీయొచ్చు.

"సుదర్శన్‌లో సినిమాకి?"

"కుదరదాంటీ."

"పోనీ త్యాగరాయ గానసభకి?"

"కుదరదాంటీ. పెట్రోలు పోయించుకోవడానికైతే వెళ్లొచ్చు."

అంతే, ఇంట్లో రంగుల కమిటీ రద్దయి బంకుల కమిటీ ఏర్పడింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బిర్యానీ హోటళ్లకి కూతవేటు దూరంలో ఉండే బంకు కావాలని బావమరిది పట్టు. ఇంతవరకూ ఏ రంగుకీ ఓటెయ్యని మా అత్తగారు మొదటిసారి నోరు విప్పి, "యాదగిరిగుట్టలో పెట్రోలు బంకు ఉంటుంది కదా బాబూ?" అని అడిగారు.