సెల్ఫు నొక్కినంత: టీకా తాత్పర్య విశేష సహితము

అవతారిక

అంబాసిడరు కారు ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణిని మాతృకగా గొని, పశ్చిమ వంగమునందలి ఉత్తరపార కర్మాగారమున అర్ధశతాబ్దికి పైగా రూపొంది, 2014వ సంవత్సరము మే నెలలో నిర్మాణవిరామమును పొందినది. అయినను నిర్మాణము నిలిచిన తరువాతనే బండి వ్యాఖ్యానమునకు యోగ్యమగును. ఏలయన కొత్తబండికి గ్యారంటీ కాగితము చాలును, పాతబండికి భాష్యము కావలెను. ఈ క్రింది ఆటవెలది అట్టి బండిని గూర్చినది. దీని కర్త యెవరో నిశ్చయముగా తెలియదు. వ్యాఖ్యాతయే మూలకర్త యని శంకించువారు కలరు. ఆ శంకను ఖండించుటకు మా యొద్ద ఆధారములు లేవు. మూలమున లేనిదానిని వ్రాయనని మల్లినాథసూరి నియమము పెట్టుకొనెను గాని, మూలము నాలుగు పాదములును, బాధలు నాలుగు వందలును అయినచోట ఆ నియమమును పాలించుట దుర్ఘటమని సహృదయులు క్షమింతురు గాక.

సెల్ఫు నొక్కినంతఁ జిన్నగాఁ గిఱ్ఱని
మూల్గి నోరు మూసి ముడుచుకొనిన
పాత కారుఁ గాంచి బ్యాటరిం దిట్టుచు
నెర్తు తీగె చూడఁ డెంత వెఱ్ఱి!

ప్రతిపదార్థము

సెల్ఫు = స్టార్టరు మోటారును మేల్కొలుపు మీటను (షెడ్లలో ఆ మోటారునకును ఇదియే పేరు); నొక్కినంతన్ = నొక్కిన తక్షణమే; చిన్నగాన్ = క్షీణస్వరముతో; కిఱ్ఱని మూల్గి = ఇంజను అరచుట్టు తిరిగియు తిరుగకయు ధ్వనిచేసి; నోరు మూసి = రెండవమారు నొక్కగా టిక్కు మనుట సైతము మాని; ముడుచుకొనిన = కదలక నిలిచిన; పాత కారున్ = డైనమోతో చార్జి యగు కాలమునాటి కారును; కాంచి = చూచి, అనగా బానెట్టు ఎత్తకయే చూచి; బ్యాటరిన్ = 6 సెల్లులు కూడి 12 వోల్టులైన నల్లపెట్టెను; తిట్టుచున్ = దాని వయస్సును, దానిని అమ్మినవానిని ఏకవాక్యమున నిందించుచు; ఎర్తు తీగెన్ = బ్యాటరీనుండి బాడీకిని, బాడీనుండి ఇంజనుకును పోవు రాగి అల్లిక పట్టీలను; చూడఁడు = పరికింపడు; ఎంత వెఱ్ఱి = ఇది ఆశ్చర్యార్థకము.

"చూడఁడు" అను క్రియకు పద్యమున కర్త కానరాడు. యజమాని యని అధ్యాహారము చేసికొనవలెను. మెకానిక్కే కర్త యని కొందరందురు. కాని బ్యాటరీ మార్పించుటయందు అతనికి గల శ్రద్ధను వెఱ్ఱి యనుట పొసగదు.

తాత్పర్యము

తెల్లవారి ప్రయాణమునకై పెట్టె సర్దుకొని, సకుటుంబముగా కారెక్కి, సెల్ఫు నొక్కగా అది ఒక్కమూల్గు మూల్గి ఊరకుండుట చూచి, "బ్యాటరీ డౌనయినది, క్రొత్తది వేయించవలెను" అని తీర్పు చెప్పు గృహస్థుడు, ఆ బ్యాటరీ తన శక్తినంతను పంపుటకు సిద్ధముగానే యుండి, పోయిన కరెంటు తిరిగి వచ్చు దారి మాత్రము తుప్పుచేత మూసికొనిపోయినదని యెరుగక, వేలకొలది రూపాయలను వృథాగా వెచ్చించుచున్నాడని భావము.

విశేషాంశములు

ఈ పద్యమునకు ప్రాణము ధ్వనియందున్నది. ఆలంకారికులు చెప్పిన ధ్వని వ్యంగ్యము. ఇచ్చటిది చెవికి వినవచ్చునదే. దానిని పరీక్షింప దలచినవాడు పెద్దలైట్లు వేసి సెల్ఫు నొక్కవలెను. లైట్లు మసకబారుచు ఇంజను మెల్లగా మూల్గెనేని శక్తి చాలకున్నది. లైట్లు చెక్కుచెదరక వెలుగుచు సెల్ఫు పలుకకున్నచో కరెంటు మోటారునందు పారనేలేదు. స్విచ్చినో, సొలినాయిడునో, మోటారు లోపలి కార్బన్లనో శంకింపవలెను. లైట్లు ఒక్కసారిగా ఆరిపోయినచో టెర్మినలు వద్ద లూజు కాంటాక్టు. మోటారు ఝుమ్మని తిరిగి ఇంజను కదలకున్నచో పినియను పళ్లు పట్టుకొనలేదు. మన కవి "చిన్నగాఁ గిఱ్ఱని" యనుటచేత మొదటి పక్షమునే ఉద్దేశించెనని స్పష్టము.

శక్తి చాలదన్నంతమాత్రమున బ్యాటరీ దోషి కాజాలదు. రాత్రియంతయు విశ్రమించిన నిండు బ్యాటరీ మీటరునకు 12.6 వోల్టులో, అంతకు రవ్వంత ఎక్కువో చూపును. 12 దరిదాపులకు దిగెనేని అది ఉడిగినట్లే. సెల్ఫు నొక్కుచున్నప్పుడు 10కి మిక్కిలి దిగువకు జారరాదు. హైడ్రోమీటరు ముంచి చూచినచో నిండిన సెల్లున ఆమ్ల సాంద్రత 1.270 ప్రాంతమున నుండును. ఐదు సెల్లులు ఏకకంఠముగా ఒక సంఖ్య పలుకుచు ఆరవది మాత్రము అట్టడుగున నుండినచో ఆ సెల్లు గతించినది, ఎంత చార్జి పెట్టినను లేవదు. ఇట్టి సాక్ష్యము దొరకినప్పుడు బ్యాటరీని తిట్టుటకు కవికిని అభ్యంతర ముండదు.

ఇక నాలుగవ పాదము. అంబాసిడరు ఇంజను రబ్బరు దిమ్మెలమీద కూర్చుండును. రబ్బరు కరెంటును సాగనీయదు. కావున ఇంజనునకును బాడీకిని నడుమ ఒక అల్లిక పట్టీ వంతెనగా నుంచబడినది. ఈ పట్టీ దిగువన, బురదలో, నూనెలో, ఎవరి దృష్టికిని రాక, సంవత్సరముల తరబడి పచ్చబారుచు, పోగు పోగుగా తెగుచు నుండును. సెల్ఫు మోటారు త్రాగునది నూరు ఆంపియర్లకు మించినది. పట్టీ తెగినపుడు అంతటి ప్రవాహము ఊరకుండక, ఇంజనును డాష్‌బోర్డుతో కలుపు సన్నని ఛోకు తీగెనో, యాక్సిలరేటరు తీగెనో ఆశ్రయించును. సెల్ఫు నొక్కిన పిమ్మట ఛోకు బొత్తామును తాకి చూడుడు: అది వెచ్చగా తగిలెనేని, తీగె తొడుగునుండి సన్నని పొగ లేచెనేని, కవిహృదయము మీకు కరతలామలకమైనట్లే. చూపుడువ్రేలు కాలిన పిదప పద్యమును బోధపరచుకొన్నవారును కలరు.

మీటరు గలవారికి కాల్చుకొను పని లేదు. మీటరు ముల్లు నొకదానిని బ్యాటరీ ఎర్తు స్తంభముపైనను, రెండవదానిని ఇంజను దిమ్మపై రంగులేని చోటను ఆనించి, మరియొకనిచేత సెల్ఫు నొక్కింపవలెను. అర వోల్టు గాని, అంతకు మించి గాని చూపినచో దారి మూసికొన్నదని అర్థము. చికిత్స అల్పము: బోల్టు విప్పి, తుప్పును, రంగును గరుకు కాగితముతో గీకి, లోహము మెరయువరకు రుద్ది, గట్టిగా బిగించి, పైన వ్యాసలీను పూయవలెను. టెర్మినళ్లమీద పేరుకొను తెల్లని, పచ్చని పొడికి వేడినీటిలో కలిపిన వంటసోడా చాలును. అది బుసబుస పొంగి కరగిపోవుట చూడ ముచ్చటగా నుండును.

డైనమోను గూర్చి కవి మౌనము వహించెను; మేము వహింపజాలము. డైనమో మందగతియందు దాదాపు నిరుద్యోగి. బండి ఐడిలులో నున్నప్పుడు డాష్‌బోర్డున ఎర్రదీపము మినుకుమినుకుమనుట రోగము కాదు, రేసు చేసినంతనే ఆరవలెను. ఆరకున్నచో కార్బన్లు అరిగినవో, బెల్టు వదులో విచారింపవలెను. రేసు నందు బ్యాటరీ వద్ద 14 వోల్టుల దరిదాపు కనబడెనేని చార్జింగు సవ్యము. వానాకాలపు రాత్రి లైట్లును వైపర్లును వేసికొని, బెజవాడ బందరు రోడ్డు రద్దీలో అంగుళమంగుళము కదలుచు పోవు పాతబండికి, ఏ భాగమును చెడకయే బ్యాటరీ ఉడుగును. అది డైనమో జాతిలక్షణము. డైనమోను బ్యాటరీతో కలుపుచు విడదీయుచు నుండు కటౌటు పాయింట్లు అంటుకొనిపోయిన బండి కథ వేరు. ఇంజను ఆగినను కరెంటు బ్యాటరీనుండి డైనమోలోనికి ఎదురుపారుచునే యుండును. ఇంజను చల్లారిన తరువాతను డైనమో వెచ్చగా నున్నచో, ఆలోచింపక బ్యాటరీ తీగె విప్పవలెను.

ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ టెర్మినలు పీకి చార్జింగును పరీక్షించు సంప్రదాయమొకటి షెడ్లలో కలదు. ఆల్టర్నేటరు గల బండియందు ఇది డయోడులను బలిగొనును; డైనమో బండియందును శ్లాఘ్యము కాదు. రెండవ గేరున తోయించి క్లచ్చి వదలుట ఇంతకంటె సాధువు, తోయుటకు బంధువులున్నచో. ముందు భాగమున హ్యాండిలు పెట్టి త్రిప్పువారు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచవలెను గాని చుట్టి పట్టరాదు. ఇంజను ఎదురుతన్నెనేని చుట్టిన వ్రేలు విరుగును.

పాఠాంతరము

నాలుగవ పాదమున "ఎర్తు తీగె" యనుటకు "ఫ్యాను బెల్టు" అను పాఠమును కొందరు ఆదరింతురు. అర్థము బాగుగనే యున్నది. వదులైన బెల్టు డైనమోపై జారి చార్జింగును చంపుట లోకప్రసిద్ధము. కాని "ఫ్యా" కును నాలుగవ గణాద్యక్షరమైన "డెం" కును యతి కుదరదు. మూలమున "ఎ" కు "ఎ" తో స్వరమైత్రి నిరాబాధముగా నున్నది. కావున ఆ పాఠము త్యాజ్యము. బెల్టును మాత్రము నడిమి భాగమున బొటనవ్రేలితో నొక్కి చూచి, అర అంగుళమునకు మించి దిగెనేని, యతిని తలపక బిగింపవలెను.