మడత పడితే నామోషీ ఏమిటి?

నేను తెరచాపని. చెన్నై రేవులో ఉండే ఒక చిన్న కీల్ పడవకు మెయిన్‌సెయిల్‌ని. పుట్టుక పాలిస్టర్, రంగు ఒకప్పుడు తెలుపు. నా అడుగున అడ్డంగా ఉండే బూమ్ అనే వాసానికి కాస్త ఎత్తున నా రెండంచుల్లోనూ చెరో లోహపు కన్ను ఉంది. గాలి ముదిరితే నన్ను కొంచెం దించి, ముందు కన్నును కొక్కేనికి తగిలించి, వెనక కన్నును తాడుతో బూమ్‌కేసి బిగించి, వేలాడే గుడ్డను మడిచి కట్టాలి. రీఫ్ వేయడమంటే ఇంతే. మా స్కిప్పర్‌కు మాత్రం అది పరువు సమస్య.

ఈ రేవులో ఒక మాయ ఉంది. అలకట్టల చాటున నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉంటాయి. తొలినాటి కట్టల్ని 1881 నవంబరు తుఫాను విరగ్గొట్టింది. ఇప్పటివి గట్టివే. అదే చిక్కు: ఆ చాటున నిలబడి గాలిని అంచనా వేసినవాళ్లు కట్ట దాటగానే తెల్లమొహం వేస్తారు. ఈశాన్య రుతుపవనం రోజుల్లో గాలి మమ్మల్ని తీరం మీదికే తోస్తుంది. అక్కడ పట్టు తప్పితే తప్పుకోవడానికి చోటుండదు.

గాలి లెక్క మనుషుల లెక్క కాదు. 10 నాట్ల గాలి 20 అయితే నా మీద తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు!

ఒక డిసెంబరు పందెంలో మా పడవలోని రాయపురం కుర్రాడు ముందే అన్నాడు: "అన్నా, ఒక మడత వేసేద్దాం."

"పక్క పడవవాళ్లు వెయ్యలేదు కదరా!"

అలాగని స్కిప్పర్ ఊరికే కూర్చోలేదు. వెనక నుంచి లాగే బ్యాక్‌స్టే బిగించి మాస్ట్ అనే స్తంభాన్ని వంచాడు, నా పొట్ట తగ్గింది. నా ముందంచును కిందికి బిగించే కన్నింగ్‌హామ్ తాడు లాగాడు. బూమ్‌ను పక్కకు జరిపే ట్రావెలర్‌ను గాలి దిగువకు వదిలాడు. అందరూ గాలి వైపు అంచుకెక్కి కూర్చున్నారు. మంచి పనులే, వరస కూడా అదే. ఆపైన మిగిలింది గుడ్డ తగ్గించడమే. అక్కడే ఆగిపోయాడు.

పడవ ఒరిగింది. ఒరిగిన పడవ గాలికెదురు తిరుగుతానని పేచీ పెడుతుంది. ఆపాలంటే చుక్కాని పిడిని బలంగా లాగి పట్టాలి. అలా అడ్డం తిరిగిన చుక్కాని నీళ్లను కోయదు, అడ్డుకుంటుంది. పైగా పడవ అడుగున ఉండే కీల్ ఒరిగితే నీటి మీద పట్టు తగ్గి పడవ పక్కకు జారిపోతుంది. చూసేవాళ్లకు నురగ, వేగం. నిజానికి వెనకబడుతున్నాం. ఇంతలో పక్క పడవవాళ్లు మడత వేసుకుని, నిటారుగా, తాపీగా మమ్మల్ని దాటిపోయారు.

గాలి వెనకనుంచి తోసే దారిలో మేమూ కొంత రాబట్టుకున్నాం. అది చెప్పకపోతే అబద్ధమే. అక్కడ నిండు గుడ్డే లాభం. చిన్న పందెంలో మడత వేసే సెకన్లూ ఖరీదే. అందుకే రేవు దాటకముందే మడత వేసుకోవడం మేలంటాను, తర్వాత విప్పడం సులువు కాబట్టి. నా ముందుండే జిబ్ అనే తెరను మాత్రమే తగ్గించి నన్ను నిండుగా ఉంచితే, గాలికెదురు తిరిగే ఆ పేచీ ఇంకా పెరుగుతుంది. ఇది జిబ్ మీద అసూయతో అంటున్న మాట కాదు.

తెర తగ్గించడం పిరికితనం అనుకునేవాళ్లకు ఒక సంగతి. ఈ ఊరి అమ్మాయే నేత్రా కుమనన్ టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లింది లేజర్ రేడియల్ అనే పడవ మీద. స్టాండర్డ్ లేజర్‌దీ దానిదీ ఒకే ఒడలు, తెర మాత్రం 7.06 చదరపు మీటర్లకు బదులు 5.76. పడవ నడిపే మనిషి బరువుకు తగ్గ గుడ్డ అన్నమాట. ఒలింపిక్స్‌లో లేని నామోషీ మనకెందుకు?

మళ్లీ ఈశాన్య గాలి దగ్గరపడుతోంది. నా రీఫ్ తాడు ఉప్పు పట్టి కప్పీలో కదలడం లేదు. ఈ ఆదివారం మంచినీళ్లతో కడిగి, ఒక్కసారి లాగి చూడండి బాబూ.