గట్టి రేకు దొరికేదాకా

కన్నం ఎంతుందని అడక్కూడదట, గట్టి రేకు ఎక్కడుందని అడగాలట. మా టింకరు నాకు చెప్పిన మొదటి పాఠం ఇది. క్లచ్ పెడల్ కింద బొటనవేలు దూరేంతగా మొదలైన కన్నం సాయంత్రానికి డ్రైవరు సీటు కిందికి పాకింది. మర్నాటికి వెనక సీటు దాకా పోయింది. “నిన్న ఇక్కడ రేకుండేది కదయ్యా?” అంటే, “ఉండేదండి బాబూ, బ్రష్షు పెట్టగానే ఎగిరిపోయింది, నానేటి సేసీది?” అంటాడు. చేసేదేముంది, కోస్తాడు. తుప్పు రేకుకి వెల్డింగు నిలవదు. పెట్టబోతే పక్కన ఇంకో కన్నం పడుతుంది. కనక తెల్లటి ఇనుము మెరిసేదాకా కోసుకుంటూ పోవాలి. కోసినకొద్దీ కూలి. మనిషి మంచివాడే, అందుకే ఎక్కువ కోపం వస్తోంది.

దీనికి తోడు పరామర్శలు. పాత కారు తుప్పు పట్టిందని తెలిస్తే చాలు, వచ్చినవాడల్లా వేలితో ఓ పోటు పొడవందే కదలడు. మా బావమరిది స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని మరీ పొడిచాడు. “ఇక్కడ కూడా పోయింది బావా!” అని కేక వేసినప్పుడు అతని ముఖంలో వెలిగిన వెలుగు, వాళ్లబ్బాయికి ఇంజనీరింగు సీటొచ్చిన రోజున కూడా నేను చూడలేదు.

బండి 1974 నాటి ప్రీమియర్ పద్మిని. బొంబాయి కుర్లాలో చేసిన ఫియట్ 1100కి అప్పుడే పెట్టిన కొత్త పేరది. విశాఖపట్నంలో మా వీధివాళ్లకు మాత్రం ఇప్పటికీ ఫియటే. జీపుకో లారీకో కింద ఛాసీ వేరే ఉంటుంది. పైనున్న బాడీ పుచ్చిపోయినా బండి నడుస్తుంది. పద్మినికి ఆ వైభోగం లేదు. నేల రేకులూ, తలుపుల కింది రన్నింగ్ బోర్డులూ, స్తంభాలూ కలిసే దాని ఎముకలు. తలుపు సందులో అడ్డంగా పైపు వెల్డు చేసుకోకుండా రన్నింగ్ బోర్డు కోశారా, బండి నడుం వంచుతుంది, ఆ తర్వాత తలుపు జన్మలో పడదు. మావాడు పైపు పెట్టాడు. పెట్టినందుకు విడిగా డబ్బులు పుచ్చుకున్నాడు.

అసలు సంగతి మ్యాటు కింద ఉంది. రబ్బరు మ్యాటు తీస్తే గోనె, గోనె తీస్తే తారు, తారు గీకితే డాల్డా డబ్బా! ఏనాటి టింకరో డబ్బాని చదును చేసి, రివెట్లు కొట్టి, పసుపు మీద ఆకుపచ్చ చెట్టు బొమ్మతో సహా మా కారుకి అతుకు వేశాడు. ఇక్కడ ఆ డబ్బా గురించి రెండు ముక్కలు చెప్పకపోతే పాపం. 1937లో ఈ దేశంలో అడుగుపెట్టిన డాల్డా ఎన్ని పెళ్లిళ్లలో నెయ్యిగా చలామణీ అయిందో ఆ వంటవాళ్లకే ఎరుక. తిన్నవాళ్లు పోయారు గానీ డబ్బాలు పోలేదు. మా ఇంట్లో బియ్యం కొలిచేది డాల్డా డబ్బాతో. తులసి మొలిచింది డాల్డా డబ్బాలో. పెరట్లోకి నీళ్లు పట్టుకెళ్లేది ఇంకో డబ్బా. ఈ పెరటి డబ్బానీ బియ్యం డబ్బానీ కలపకుండా మా మామ్మ చేసిన కాపలా సరిహద్దులో సైన్యం చేసి ఉండదు. కందిపప్పు డబ్బా మీద చెట్టు బొమ్మ, చింతపండు డబ్బా మీద చెట్టు బొమ్మ, మామ్మ చిల్లర దాచుకున్న డబ్బా మీదా అదే బొమ్మ. కనక దొంగ పడినా ముందు చింతపండు దొరికేది. సంబంధాలు చూడ్డానికి వెళ్తే మామ్మ కళ్లు పిల్లాడి మీద కాదు, వాళ్ల అటక మీద ఉండేవి. డబ్బాలు వరసగా, మూతలతో సహా ఉంటే సంసారపక్షం కుటుంబమని లెక్క. మూతల్లేని ఇంట్లో మా మేనత్తనివ్వలేదు.

ఇన్ని పనులకొచ్చిన డబ్బా కారుకెందుకు రాదని ఆ టింకరు అనుకోవడంలో తప్పులేదు. కానీ అది తగరం పూసిన రేకు. పూత చెక్కుచెదరనంతసేపే కాపలా. గీత పడిందా, తగరం క్షేమంగా ఉంటుంది, ఇనుము ముందు పోతుంది. జింకు పూత దీనికి సరిగ్గా ఎదురు, తాను పోయి ఇనుముని కాస్తుంది. డాల్డా మీద రివెట్టు కొట్టిన ప్రతిచోటా గీతే. పైగా తుప్పు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు అడుగుతుంది. రెండు రేకుల మధ్య చేరితే రెంటినీ ఎడం చేసి కూర్చుంటుంది.

ఈ తుప్పు పట్టించిన నీళ్లు కింద రోడ్డు మీంచి వచ్చాయనుకున్నాను. పైనుంచేనట. ముందు అద్దం రబ్బరు ఎండి నెర్రెలిచ్చింది, వాన లోపలికి దిగింది. దిగిన నీరు పోవడానికి నేలలో కన్నాలుంటాయి. రోడ్డు బురద లోపలికి రాకూడదని నాన్న వాటిని తారుతో మూయించారు. నేల మాయకూడదని మ్యాటు కింద పేపర్లు పరిచారు. ఆ పేపర్లు ఏళ్ల తరబడి తడి తాగి రేకుకి అంటుకుపోయాయి. ఆదివారాలు బీచి నుంచి రాగానే ఇసుక పోవాలని లోపల కూడా బకెట్టుతో కడిగేవారు. మేం బూట్లు విప్పి ఎక్కాలి. అంత ప్రేమగా చూసుకోని మా పక్కింటివారి అంబాసిడర్‌కి నేల ఇప్పటికీ ఉంది. ఈ సంగతి తెలియకుండానే నాన్న వెళ్లిపోయారు, మంచిదే.

ఇక సర్కారువారి సరసం. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారు ‘వింటేజ్’ అవుతుంది. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు. అయితే బాడీలోనో ఇంజనులోనో మార్పులతో పెద్ద మరమ్మతు జరిగి ఉండకూడదు. సముద్రం పక్కన 50 ఏళ్లు ఉప్పుగాలి పీల్చి, ఏమీ కాకుండా నిలబడాలి! ఈ నియమం రాసినాయన్ని ఓ వర్షాకాలం మా కారు షెడ్డులో పడుకోబెట్టాలి.

నిన్నటికి కుడి పక్క 20 గేజి సీఆర్ రేకుతో పూర్తయింది. వేడికి రేకు వంకర పోకుండా ఇక్కడో టాకా, అక్కడో టాకా వేస్తూ ఓపిగ్గా చేశాడు. తలుపు ఒక్క తోపుకే పడింది. ఆ ఉత్సాహంలో ఫ్రిజ్ మీది అయస్కాంతం పట్టుకెళ్లి ఎడమ రన్నింగ్ బోర్డుకి పెట్టాను. అంటుకోకుండా జారి కింద పడింది. లోపలంతా లప్పమే.

“అటెందుకు సూస్తారండి బాబూ,” అన్నాడు టింకరు, “ముందు ఇటేపు డబ్బులియ్యండి.”