అమ్మకానికి ఫ్లాటు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఆదివారం పత్రికలో చిన్న ప్రకటనల పేజీని కావ్యంగా ఎవరూ గుర్తించలేదు. యతిప్రాసలు లేవంటారు. పంక్తికింత అని రేటు కట్టే పత్రికవారే అక్కడ ఛందశ్శాస్త్రకర్తలు గనుక కవి పైకి చెప్పింది తక్కువ, మింగినది ఎక్కువ. అలాంటి రచనకు వ్యాఖ్యానం లేకపోతే పాఠకుడు మునుగుతాడు, అదీ బ్యాంకు అప్పుతో సహా. మన మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథ సూరి కాళిదాసుకు చేసిన సేవను, ఊరూ పేరూ తెలియని ఈ కవికి చేయబూనుతున్నాను.

మూలం

కూకట్‌పల్లిలో, మెట్రోకు 5 ని. దూరంలో 1250 చ.అ. డబుల్ బెడ్రూం ఫ్లాటు. ఈస్ట్ ఫేసింగ్, 100% వాస్తు. క్లియర్ టైటిల్, లోను వచ్చును. ఓనరు విదేశాల్లో ఉన్నందున అమ్మకం. ధర మాట్లాడుకొనవచ్చు. బ్రోకర్లు క్షమించాలి.

టీక

కూకట్‌పల్లిలో = కూకట్‌పల్లి అను ప్రదేశమందు. ఇక్కడ వాచ్యార్థం పనికిరాదు. గంగలో గొల్లపల్లె ఉందంటే ఒడ్డున ఉందని లక్షణార్థం తీసుకోమన్నారు ఆలంకారికులు. ఆ న్యాయాన నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి కూడా ప్రకటనల్లో కూకట్‌పల్లే.

మెట్రోకు 5 ని. దూరంలో = అయిదు నిమిషాలలో చేరదగిన చోట. నడిచా, బండి మీదా, ఏ వేళ అన్న విషయంలో కవి మౌనం వహించాడు. మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా మెట్రో 2017 నవంబరులో నడక మొదలుపెట్టింది. ఆనాటి నుంచి ఈ అయిదు నిమిషాలు మాత్రం మారలేదు. కొనేవారు సాయంత్రం ఆరున్నరకు స్వయంగా వెళ్ళి చూడవలె.

1250 చ.అ. = పన్నెండు వందల యాభై చదరపు అడుగులు గలది. కవి సమయాలలోకెల్లా ఘనమైనది ఇదే. ఇందులో మెట్లు, లిఫ్టు, వరండాలలో తమ వాటా అంతా కలిసి ఉంటుంది. కొన్ని దస్తావేజులలో కారు నిలిపే చోటు కూడా ఈ అంకెలోకే దూరుతుంది. గోడల మధ్య మంచం వేసుకునే జాగా పాతికో ముప్పయ్యో శాతం తగ్గుతుంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కొత్త ప్రాజెక్టుల బిల్డర్లను కార్పెట్ ఏరియా చెప్పి తీరమంది. బయటి గోడలు, బాల్కనీలు వదిలేసి, లోపలి అడ్డుగోడలు కలుపుకుని లెక్క కట్టేది అది. పాత ఫ్లాటును తిరిగి అమ్ముకునే ఓనరుకు ఆ అంకుశం లేదు. కనుక టేపు పట్టుకెళ్ళండి, ఓనరు చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి. అంతకంటే ముఖ్యమైన అంకె ప్రకటనలో రానే రాదు. అది అవిభక్త వాటా, అనగా అపార్టుమెంటు కింది నేలలో తమకు వచ్చే గజాలు. కట్టడం ఏటేటా పాతబడుతుంది. ముప్పై ఏళ్ళ తర్వాత కూల్చి కట్టే రోజున బేరమాడేది ఆ గజాలతోనే. సేల్ డీడ్ షెడ్యూలులో ఆ వాక్యం వెతికి చదవవలె.

ఈస్ట్ ఫేసింగ్, 100% వాస్తు = దీనికి వ్యాఖ్య అక్కర్లేదు. నూటికి తొంభై వాస్తు ఉన్న ఫ్లాటును ఈ వ్యాఖ్యాత ఏ ప్రకటనలోనూ ఎరుగడు.

క్లియర్ టైటిల్ = నిష్కళంకమైన హక్కు గలది. విశేషణం కవిది, రుజువు పాఠకుడిది. ఈసీ, అనగా ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, తీయించవలె. 1983 తర్వాతి లావాదేవీలు రిజిస్ట్రేషన్ శాఖ ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. అయితే ఈసీ చూసి నిశ్చింతగా ఉండరాదు. రిజిస్టరు కాని అగ్రిమెంటు, బీరువాలోని వీలునామా, వాటా కావాలని కోర్టుకెక్కిన ఆడపడుచు, ఇవేవీ సాధారణంగా అందులో కనబడవు. పైగా సబ్ రిజిస్ట్రారు పని దస్తావేజు నమోదు చేయడమే. అమ్మేవాడికి హక్కుందా లేదా అన్న తీర్పు ఆయన ఇవ్వడు. లింకు డాక్యుమెంట్లు వరసగా పెట్టి చూపించుకోవలసింది మన వకీలుకు, వాళ్ళ వకీలుకు కాదు.

లోను వచ్చును. పూర్వపక్షం: బ్యాంకు అప్పిస్తున్నదంటే కాగితాలు సరిగా ఉన్నట్టే కదా? సిద్ధాంతం: కాగితాల సంగతి పైన చెప్పినట్టు మన వకీలుకే వదిలి, ఏ బ్యాంకు, ఎంత అని అడుగుము. 60 లక్షల ఫ్లాటు అనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 దాటి 75 లక్షల దాకా అప్పు ఆస్తి విలువలో 80 శాతానికి మించరాదు. అంటే 48 లక్షలు. మిగతా 12 మన చేతివి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిసి తెలంగాణలో 7.5 శాతం, అనగా మరో నాలుగున్నర లక్షలు. ఇవి అప్పు లెక్కలోకి రావు. లోను వచ్చును నిజమే, అది రావడానికి ముందు పదహారున్నర లక్షలు మన దగ్గర ఉండవలె.

ఇక్కడ ఆగి ఒక అధ్యాహారం. ఫ్లాటు ఏ అంతస్తులో ఉందో కవి చెప్పలేదు. మూడో అంతస్తయితే కవులెవరూ దాచరు. అనుమతికి మించి వేసిన పై అంతస్తుకు పెంట్‌హౌస్ అని ముద్దుపేరు పెట్టి అమ్మడం మన నగర సంప్రదాయం. కార్పొరేషన్ మంజూరు చేసిన ప్లానులో ఆ అంతస్తు ఉందా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా అన్నవి చూడకుండా బయానా ఇవ్వరాదు. ఈ ప్రకటనలో కవి ప్రతిభ అంతా ఈ ఒక్క లోపంలోనే ఉందని నా అభిప్రాయం.

ఓనరు విదేశాల్లో ఉన్నందున = కరుణరసం. కన్నవూరి మీద మమకారం చంపుకొని అమ్ముతున్నాడని ధ్వని. ఆదాయపు పన్ను శాఖ మాత్రం దీన్ని మరోలా చదువుతుంది. అమ్మేవాడు ఇక్కడి నివాసి అయితే, ధర 50 లక్షలు, ఆపైన ఉన్నప్పుడు కొనేవాడు 1 శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. పన్ను లెక్కలో ఆయన ప్రవాసి అయితే 50 లక్షల గీత లేదు, 1 శాతమూ లేదు. కోత చాలా పెద్దది. పట్టుకోకపోతే ఆ బాకీ కొన్నవాడి మెడకే. డాలస్‌లోని ఓనరుగారు తక్కువ కోతకు ధ్రువపత్రం ముందుగానే తెచ్చుకుంటే ఇద్దరికీ క్షేమం. ఇక సంతకం ఎవరిది? జీపీఏ, అనగా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, పట్టుకుని తమ్ముడు వస్తాడు. జీపీఏ కాగితాన్నే పుచ్చుకుని ఇల్లు కొనేశామనుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. తమ్ముడు అన్న తరఫున సేల్ డీడ్ రాసివ్వడం వేరు, అది చెల్లుతుంది. అయితే అన్నగారు సజీవులై ఉండవలె, ఇచ్చిన అధికారం రద్దు చేయకుండా ఉండవలె. వీడియో కాల్‌లో ఒకసారి పలకరించడం అమర్యాద కాదు.

ధర మాట్లాడుకొనవచ్చు = శ్లేషాలంకారం. ధర అనే పదానికి రెండర్థాలు, దస్తావేజులో రాసేది ఒకటి, నోటితో చెప్పేది ఒకటి. ఆ తేడాను సంచిలో తెమ్మంటారు. స్థిరాస్తి అమ్మకంలో 20,000, ఆపైన నగదు పుచ్చుకున్నవాడికి అంతకు అంతా జరిమానా పడవచ్చు. కొన్నవాడి కష్టం ఆలస్యంగా వస్తుంది. రేపు తాను అమ్మేటప్పుడు కొన్న ధర కాగితం మీద తక్కువ కనబడి, రాని లాభానికి పన్ను కట్టాలి.

బ్రోకర్లు క్షమించాలి = మధ్యవర్తులు ఫోను చేయరాదు. పాఠాంతరం: "ఓన్లీ డైరెక్ట్ పార్టీ". ప్రకటన కింద ఉన్న నంబరుకు ఫోను చేసి "ఓనరుగారేనాండీ?" అనండి. "ఓనరు తరఫునండీ, మనవాళ్ళే" అని జవాబొస్తే కవి దొరికినట్టే. కమిషను ఒక శాతమా రెండా, అమ్మేవారి నుంచి కూడా పుచ్చుకుంటున్నారా అని ఆ మొదటి ఫోనులోనే అడిగేయండి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు వాట్సాప్‌లో పెట్టమనండి. "ముందు ఫ్లాటు చూడండి సార్, కాగితాలదేముంది" అంటే, ఆదివారం పేజీలో ఇంకా చాలామంది కవులున్నారు.