ఏమీ దొరకని ల్యాబ్ నడపడం ఎలా?

యూనివర్సిటీలో పర్యావరణ నమూనాల సేంద్రియ రసాయన విశ్లేషణ ల్యాబ్ మీ చేతికొచ్చిందా? శుభం. బోరు నీళ్ళు, చెరువు నీళ్ళు, పొలం మట్టి, కాలువ బురద పట్టుకుని జనం వస్తారు. ఇందులో పురుగుమందు ఉందా, ఫ్యాక్టరీ రసాయనం ఉందా అని అడుగుతారు. ఉందని చెప్పారో, మీ ప్రశాంతత పోయినట్టే. విలేకరులు, ఫోన్లు, కోర్టు పిలుపులు, మళ్ళీ పరీక్షలు. లేదని చెప్తే ఒక పేజీ, ఒక సంతకం, నాలుగింటికల్లా ఇల్లు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదన్నారు పెద్దలు.

అలాగని లేదని చేత్తో రాసేయకూడదు. అది అబద్ధం, పట్టుబడుతుంది. ఉన్నదాన్ని దారి పొడవునా కొంచెం కొంచెం వదిలించుకుంటూ వచ్చి, చివరికి మిషన్ చేతే లేదనిపించాలి. అది ఇలా చేయండి.

1. సీసా మీరివ్వకండి. పద్ధతి ప్రకారం ముదురు గోధుమ రంగు గాజు సీసా మీరే కడిగి, ఆరబెట్టి పంపాలి. పంపకపోతే రైతు తనకు దొరికిన కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకొస్తాడు. డీడీటీ లాంటివి నీళ్ళలో ఉండటానికి ఇష్టపడవు, ప్లాస్టిక్ గోడకు అతుక్కుపోతాయి. సగం పని అక్కడే అయిపోయింది. సీసా సగమే నిండి ఉంటే ఇంకా మేలు. బెంజీన్, టాలీన్ ఆ ఖాళీలోకి ఎగిరి, మూత తీయగానే వెళ్ళిపోతాయి. వాటికోసం 40 మిల్లీలీటర్ల చిన్న సీసాను ఒక్క గాలి బుడగ లేకుండా నింపాలన్న నియమం ఉంది. ఎవరైనా గుర్తు చేస్తే "ఫీల్డులో అవన్నీ కుదరవండీ" అనండి. ఈ మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

2. ఫ్రిజ్‌ను మనుషులకు వదలండి. 4 డిగ్రీల దగ్గర ఉండాల్సింది నమూనాలే కానీ, పెరుగు గిన్నె కూడా పాడవుతుంది కదా. నమూనాను పడమటి కిటికీలో పెట్టండి. బెంజోపైరీన్ లాంటి వాటిని ఎండ విరగ్గొడుతుంది, మిగతావాటి సంగతి సూక్ష్మజీవులు చూసుకుంటాయి. నీటి నమూనా నుంచి రసాయనాలను 7 రోజుల్లోపు బయటికి లాగాలి, ఆ ద్రావణాన్ని 40 రోజుల్లోపు మిషన్‌లో పెట్టాలి. మీరు దసరా సెలవులు ముగిశాక మొదలుపెట్టండి. రిజిస్టర్‌లో తేదీలు పెన్సిల్‌తో రాసుకోండి.

3. ఒక్కసారే ఊపండి. లీటరు నీళ్ళకు 60 మిల్లీలీటర్ల చొప్పున డైక్లోరోమీథేన్ అనే ద్రావకం పోసి మూడుసార్లు ఊపాలంటారు. చేయి నొప్పి. మట్టి నమూనానైతే సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో 16 నుంచి 24 గంటలు ఉడకనివ్వాలి. అంతసేపు ఎవరు కూర్చుంటారు? భోజనానికి వెళ్తూ పెట్టండి, వచ్చాక ఆపండి. తర్వాత ద్రావకాన్ని నైట్రోజన్‌తో మెల్లగా ఇగరబెట్టే ఘట్టం ఉంటుంది. ఇక్కడ సిగ్గుపడకుండా గ్యాస్ మొత్తం తిప్పి, గొట్టం అడుగు ఎండేదాకా ఊదండి. ముందు నాఫ్తలీన్ పోతుంది, దాని వెనకే తేలికపాటివన్నీ పోతాయి.

4. ఇప్పుడు అసలు కిటుకు. ఇంత పోయిందని కనిపెట్టడానికే పద్ధతి రాసినవాళ్ళు ఒక కాపలాదారును పెట్టారు. పేరు సరోగేట్. ప్రకృతిలో దొరకని ఒక పదార్థాన్ని తెలిసిన మోతాదులో మొదట్లోనే నమూనాలో కలుపుతారు. చివరికి అది ఎంత మిగిలిందో చూసి, మిగతావి ఎంత పోయాయో తెలుసుకుంటారు. సాధారణంగా 70 నుంచి 130 శాతం మధ్య వస్తేనే ఒప్పుకుంటారు. మీకు 12 శాతం వస్తుంది. కంగారు పడకండి. దాన్ని మొదట్లో కలపకండి. ఊపడాలు, ఉడకడాలు, ఊదడాలు అన్నీ ముగిశాక, మిషన్‌లో పెట్టబోయే చిన్న సీసాలో కలపండి. రికవరీ 98 శాతం! ఆడిటర్ ఆ అంకె చూసి మీకు కరచాలనం చేస్తాడు. మీ దగ్గరున్న రీసెర్చ్ స్కాలర్‌కు ఈ ఒక్కటీ నేర్పితే చాలు, మిగతావి వాడే నేర్చుకుంటాడు.

5. బ్లాంక్ నడపకండి. శుద్ధమైన నీటిని కూడా అదే దారిలో నడిపించి చూస్తే మీ ల్యాబ్ మురికి మీకే కనిపిస్తుంది. మిషన్ చూపే ద్రవ్యరాశి అంకెల్లో 149 కనబడితే ప్లాస్టిక్ నుంచి వచ్చిన థాలేట్, 207 కనబడితే కాలమ్ నుంచో సెప్టమ్ నుంచో కారిన సిలికాన్. తెలిస్తే శుభ్రం చేయాల్సి వస్తుంది.

6. మిషన్‌ను నమ్మండి, మిషన్ జోలికి వెళ్ళకండి. సెప్టమ్, లైనర్ మార్చకండి. కాలిబ్రేషన్ కర్వ్ పోయినేడాదిది ఉంది కదా, దాన్నే వాడండి. ఎవరైనా తొందరపెడితే హీలియం సిలిండర్ అయిపోయిందనండి. అది నమ్మకపోతే సర్వీస్ ఇంజినీరు ముంబై నుంచి రావాలనండి.

7. గుర్తింపు పరిమితిని పెంచండి. ఇంతదాకా తట్టుకుని ఏదైనా మిగిలితే, దాన్ని ఆపే చివరి గేటు ఇది. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఎండోసల్ఫాన్ లీటరుకు 0.4 మైక్రోగ్రాములు, డీడీటీ 1, లిండేన్ 2 మించకూడదు. మీ ల్యాబ్ గుర్తింపు పరిమితి 10 మైక్రోగ్రాములని ప్రకటించండి. ప్రమాణానికి ఎన్నో రెట్లు విషమున్నా మీ కాగితం మీద "బీడీఎల్" అనే వస్తుంది. గుర్తింపు పరిమితికి లోపల అని దాని అర్థం. రైతు దాన్ని లేదని చదువుకుంటాడు. పరిమితి అంకెను మాత్రం చిన్న అక్షరాల్లో కింద వేయండి.

ఈ గేటు పెట్టనివాళ్ళకు ఏమైందో చూడండి. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు శ్రద్ధగా కొలిచారు. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2007లో ఆ పరిశోధన అచ్చయ్యాక ప్రపంచమంతా పటాన్‌చెరు గురించి మాట్లాడింది. అంత పేరు మోసే ఓపిక మీకుందా?

8. వాడేసిన డైక్లోరోమీథేన్‌ను సింకులో పోయండి. వేరే డబ్బా, లేబుల్, లాగ్‌బుక్ అంటూ పెట్టుకుంటే సాయంత్రమవుతుంది. అది చేరే కాలువ దిగువన ఉన్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు నమూనా పట్టుకుని మీ దగ్గరికే వస్తారు. ల్యాబ్‌కు ఆదాయం.

9. రిపోర్టు ఇచ్చేటప్పుడు "సార్, ఈ నీళ్ళు తాగొచ్చా?" అని రైతు తప్పకుండా అడుగుతాడు. "మాకొచ్చిన నమూనా వరకే మా రిపోర్టు" అనండి. ఈ వాక్యాన్ని రిపోర్టు కింద కూడా అచ్చు వేయించండి. అతను వేరే ల్యాబ్‌లో చూపించుకుంటానని ఎదురు తిరగొచ్చు, మిగిలిన నీళ్ళు ఇమ్మని అడగొచ్చు. అందుకే సంతకం పెట్టిన సాయంత్రమే అటెండర్‌ను పిలిచి ఆ సీసా ఖాళీ చేయించి, కడిగించి, మంచినీళ్ళు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టించండి.