మూడు పేపర్ల మనిషి

మూడు పేపర్ల మనిషి బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో ఏడాది పొడుగునా కనిపిస్తాడు. వయసు యాభై దాటి ఉంటుంది. తెల్లవారుజామున టీకొట్టు బల్ల మీద, పదింటికి మంగలి షాపులో, సాయంత్రం ఎరువుల కొట్టు అరుగు మీద ఉంటాడు. రోజుకు మూడు పేపర్లు చదువుతాడు, ఒక్కటీ కొనడు. టీ సైతం తరచు పక్కవాడి ఖాతాలోదే.

ఇతను వార్తను చదవడు, ఓనరును చదువుతాడు. మడత విప్పకముందే మొదటి పేజీలో ఏముందో చెప్పేస్తాడు. ఆ జోస్యం తప్పడం అరుదు. అందులో అతని ప్రతిభ కొంతే, పేపర్ల సహకారమే ఎక్కువ.

ఈ విద్యకు కావలసిన సరంజామా అంతా కృష్ణా జిల్లాలోనే దొరుకుతుంది. 1974లో విశాఖపట్నంలో ఈనాడు పెట్టిన రామోజీరావుది గుడివాడ దగ్గరి పెదపారుపూడి. 1982లో తెలుగుదేశం పెట్టి, మరుసటి ఏడు గుడివాడలో గెలిచిన ఎన్టీఆర్‌ది నిమ్మకూరు. రెండు ఊళ్ల మధ్య సైకిలు మీద పోవచ్చు కాబట్టి ఆ పేపరుకూ ఆ పార్టీకీ మధ్య కూడా అంతే దూరమని ఇతని సిద్ధాంతం. ఆంధ్రజ్యోతి సంగతీ నోటికి వచ్చు: 1960లో బెజవాడలో మొదలై, 2000లో మూతపడి, 2002లో పాత విలేకరి వేమూరి రాధాకృష్ణ చేతుల మీదుగా మళ్లీ వచ్చింది. ఈ రెండింటినీ కలిపి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ‘ఆ రెండు పత్రికలు’ అనేవారు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే, 2008 మార్చిలో, కొడుకు జగన్మోహనరెడ్డి సాక్షి పెట్టారు. ఇక్కడ మాత్రం మన మనిషికి పరిశోధన చేసే భాగ్యం దక్కలేదు. విశాలాంధ్ర, ప్రజాశక్తి జెండా చేత పట్టుకునే వస్తాయి గనక వాటిని అనుమానించడంలో మజా లేదంటాడు.

పక్షపాతం నిన్నా మొన్నటిది కాదని కూడా ఎరుగును. 1902లో బందరులో పుట్టిన కృష్ణాపత్రిక ఎటు నిలబడిందో దాచుకోలేదు. ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945 దాకా దాన్ని నడిపింది స్వాతంత్ర్యోద్యమం వైపు నిలబడే. ‘అది దేశం కోసమండీ’ అని ఎవరైనా అంటే, ‘వీళ్లు మాత్రం ఎవరి కోసమని చెబుతున్నార్రా అబ్బాయ్?’ అని టీ గ్లాసు కింద పెడతాడు. ఈ ప్రశ్నకు టీకొట్టులో ఇంతవరకు జవాబు రాలేదు.

ఇంత తెలిసినవాడు దేన్నీ నమ్మడనుకుంటే పొరపాటు. మూడింట్లో ఒకటి ‘మన పేపరు’, తక్కినవి ‘వాళ్లవి’. మన పేపర్లో పడ్డది వార్త, వాళ్ల పేపర్లో పడ్డది వండి వార్చింది. అయితే వాళ్ల పేపరు ఏ మూలనో వాళ్ల పార్టీనే తప్పుపట్టిందా, ఆ ముక్కను చింపి జేబులో పెట్టుకుని వారం రోజులు తిప్పుతాడు: ‘చూశావా, వాళ్లే రాశారు!’

బందరు పోర్టు ఇతనికి పండగ. 2008లో రాజశేఖరరెడ్డి, 2019లో చంద్రబాబు, 2023లో జగన్ శంకుస్థాపనో పనుల ప్రారంభమో చేశారు. వాటిలో ఏది అసలుదో కొబ్బరికాయ కొట్టినవారిని బట్టి కాకుండా, చేతిలో ఉన్న పేపరును బట్టి తేలుస్తాడు. పేపరు మారిస్తే మిగిలిన రెండూ ఉత్తుత్తివవుతాయి.

2022లో గ్రామ, వార్డు వాలంటీర్లకు పేపరు కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ప్రభుత్వం మంజూరు చేసింది. ఆ సొమ్ము సాక్షి కోసమేనంటూ ఈనాడు కోర్టుకెక్కింది. మూడు పేపర్ల మనిషిని కలవరపెట్టింది కేసు కాదు. పేపరు చదివినందుకు డబ్బులిచ్చే రోజు వస్తే ఆ జాబితాలో తన పేరెందుకు లేదన్నది.

యాజమాన్యం గురించి ఇంత మాట్లాడేవాడు ఒక్కటి మాత్రం చదవడు. 1956 నాటి నిబంధనల కింద పత్రికలు ఏటా మార్చి మొదట్లో యాజమాన్య ప్రకటన వేసేవి. ప్రచురణకర్త ఎవరు, సంపాదకుడు ఎవరు, పెట్టుబడిలో ఒక శాతానికి మించి ఎవరికుంది, అన్నీ సన్న అక్షరాల్లో అందులో ఉండేవి. ఆ కాగితంలో మిరపకాయ బజ్జీలు తిన్నాడు గానీ అక్షరం చూడలేదు. చూస్తే టీకొట్టులో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఓనరెవరో బొత్తిగా తెలియని వార్త వాట్సాప్‌లో వస్తే మటుకు నలుగురికి పంపిస్తాడు.

ఇక జిల్లా పేజీ. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, రొయ్య ధర కౌంటుకు ఎంత పలికింది, ఎవరి పెద్దకర్మ ఎక్కడ, ఇవన్నీ మారు మాట్లాడకుండా నమ్ముతాడు. ‘రేపు ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు కరెంటు ఉండదు’ అన్న రెండు లైన్లు మూడు పేపర్లలోనూ ఒకేలా ఉంటాయి. అది చూసిన నాడు చర్చ సగంలో ఆపి ఇంటికి పోయి, మోటారు వేసి ట్యాంకు నింపుకుంటాడు.